శనివారం ఖీమా

"కోఫ్తాలనకు. మీట్‌బాల్స్ అను. కోఫ్తాలంటే రోజూ తినేటియే గద అనుకుంటరు వచ్చేటోళ్లు."

బాల్కనీ గుమ్మంలో నిలబడి ఆ మాట చెప్పి, చేతిలో ఫోన్ చూసుకుంటూ లోపలికి వెళ్లిపోయాడు శ్యాంసుందర్. పేరేదైతేనేం, చుట్టే చేతులు ఇవే కదా అనుకుంది నిరోష.

వాషింగ్ మెషీన్‌కీ గోడకీ మధ్య ప్లాస్టిక్ స్టూలు వేసుకుని, ఒళ్లో బేసిన్ పెట్టుకుని ఖీమా ఉండలు చుడుతోందామె. మధురానగర్ సందులో ఇంకా పాల బండ్ల చప్పుడు తప్ప మరేమీ లేదు. ఉల్లిగడ్డ సన్నగా తరిగి, గట్టిగా పిండి, అల్లం వెల్లుల్లి, కొత్తిమీర, గరం మసాలా, బ్రెడ్ పొడి, గుడ్డు వేసి కలిపింది. అరచేతికి నూనె రాసుకుని ఒక్కో ముద్దనూ తిప్పుతుంటే పచ్చి మాంసం వాసన ముక్కుకు కొడుతోంది. ఖాళీ కడుపు కదా, మరీ ఎక్కువగా తెలుస్తోంది. శనివారం ఆమెకు ఒక్కపొద్దు. పగలంతా చాయ్ తప్ప ఏమీ ముట్టదు, సాయంత్రం దీపం పెట్టాక ఒక్కపూట తింటుంది. నీసు మాత్రం ఆ రోజు నాలుక మీదికి కూడా రాకూడదు.

ఆ మొక్కు ఆమె మొక్కింది కాదు. అత్తగారు కొమురమ్మ మొక్కింది. "నా కొడుక్కు ప్రమోషన్ రావాలె స్వామీ, నా కోడలు పదకొండు శనివారాలు ఒక్కపొద్దుంటది, నీసు ముట్టది" అని వెంకన్న పటం ముందర నిలబడి చేతులు జోడించి, ఆ తర్వాత వంటింట్లోకి వచ్చి కోడలికి చెప్పింది. ప్రమోషన్ ఆయనది కదా అత్తమ్మా, ఆయననే ఉండమనచ్చు గద అని నిరోష అడిగితే, ఆవిడ వింత మాట విన్నట్టు చూసింది. "బయట తిరిగేటోడు, వాడేడ ఉంటడు బిడ్డా. నోరు కట్టుకునుడు మగోళ్లతోని అయితదా" అంది. నిరోష కూడా బయట తిరిగేదే. పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చేదే. ఆ మాట నోటి దాకా వచ్చి ఆగిపోయింది. ఇంట్లో అందరూ అనుకున్నారు కనుక ఒక్కపొద్దు మొదలైంది. ప్రమోషన్ వచ్చింది. శనివారాలు ఇంకా మిగిలి ఉన్నాయి. దేవుడి దగ్గర సగంలో ఆపకూడదంది కొమురమ్మ.

ఇక ఇవాళ్టి దిగులంతా ఉప్పు గురించే. ఎప్పుడూ వండే కూరైతే చెయ్యే చెబుతుంది, నాలుకతో పని లేదు. కానీ ఇది ఎన్నడూ వండింది కాదు. శ్యాంసుందర్ పంపిన వీడియోలో ఒక తెల్లావిడ సీసాడు ద్రాక్ష జామ్, ఇంకో సీసాడు చిల్లీ సాస్ గిన్నెలోకి వంపేసి, నవ్వుతూ మూత పెట్టేసింది. ఉప్పు ఊసే ఎత్తలేదు. సాస్‌లో ఉప్పుంటుంది, జామ్‌లో తీపి ఉంటుంది, మాంసంలోకి వేరే ఉప్పు ఎంత వెయ్యాలి? రుచి చూడాల్సిన నోటికి తాళం. అత్తమ్మ శనివారం నీసు వాసనకే ముఖం తిప్పుకుంటుంది. ఉన్న ఒక్క నోరూ శ్యాంసుందర్‌ది. జర ఈ సాస్ నాలుక మీద వేసుకుని ఉప్పు చూడు అని గరిటె పట్టుకుని గుమ్మం దాకా వెళ్లిందామె. "ఇంకా పండ్లు తోముకోలె" అన్నాడు. తోముకుని వచ్చాక మళ్లీ అడిగితే, "సాయంత్రం అందరితోటి తింట తియ్. ఇప్పుడే తింటే మజా పోతది. నీ చేతికి అలవాటే గద" అన్నాడు. దాంతో ఎందుకైనా మంచిదని చెయ్యి కొంచెం వెనక్కే పట్టి వేసింది. వేసిన దగ్గర్నుంచి తక్కువైందేమో అని ఒక భయం, సాస్‌తో కలిసి ఎక్కువవుతుందేమో అని ఇంకో భయం.

ఉండలన్నీ స్లో కుక్కర్‌లో పేర్చి, పైన సాస్ పోసి, గాజు మూత పెట్టి, వాషింగ్ మెషీన్ ప్లగ్గులోనే దీన్ని పెట్టింది. ఎర్ర లైటు వెలిగింది. బాల్కనీలో వండడానికీ కారణముంది. వంటింటి అల్మారాలోనే దేవుడి పటాలున్నాయి. శనివారం నాడు పొయ్యి మీద నీసు వండితే ఊరుకునేది లేదని కొమురమ్మ ముందే చెప్పేసింది. "గా కరెంటు గిన్నెనైతే బాల్కనీల పెట్టుకో. పొయ్యి ముట్టకుంటె దోషం లేదు" అని తనే దారి కూడా చూపించింది. ఆదివారం పెట్టుకోకూడదా పార్టీ అంటే, శ్యాంసుందర్ ఆఫీసులో పెద్ద సార్‌కు ఆదివారం కుదరదట. సార్‌కు కుదిరిన రోజే ఇంట్లో అందరికీ కుదిరిన రోజు. పొద్దున పెట్టి మర్చిపోండి, సాయంత్రానికి అదే ఉడుకుతుంది అని కుక్కర్ డబ్బా మీద రాసి ఉంది. వండేవాళ్లు ఎలా మర్చిపోతారో నిరోషకు అర్థం కాలేదు.

ఆ కుక్కర్ ఆ ఇంటికి వచ్చిన వైనం చెప్పుకోవాలి. శ్యాంసుందర్ పనిచేసేది పంజాగుట్టలో ఒక ఫైనాన్స్ కంపెనీ. పొద్దున్నే నిరోష కట్టిచ్చే డబ్బా మీద అక్కడ అందరి చెంచాలూ పడతాయి. బగారన్నం, గుడ్డు పులుసు, పచ్చిపులుసు, ఎండు చేపల వేపుడు, ఏది పెట్టినా అక్కడే ఖాళీ. ఎవరు చేశారు శ్యామ్ అని ఎవరో అడిగిన రోజు, నేనే అన్నాడు. ఎందుకన్నాడో అతనికీ తెలియదేమో. అనడమైపోయింది, వాళ్లు మెచ్చుకోవడమైపోయింది, ఇక ఆ రుచి మరిగాడు. మహిళా దినోత్సవం నాడు, ఇంట్లో వంట చేసే మగవాళ్లెవరో చెయ్యెత్తండి అంటే ఎత్తాడు. చప్పట్లు కొట్టారు. స్లో కుక్కర్, దానితో పాటు ఒక నల్ల ఏప్రాన్ బహుమతిగా ఇచ్చారు. ఇంటికి తెచ్చి ఫ్రిజ్ మీద పెట్టి, జరిగిందంతా తమాషాగా చెప్పాడు. నిరోషకు నవ్వు రాలేదు. మరి నేను చేసిన అని చెప్పకపోయినవ్ అంది. "గింతదానికి ఫీలైతవేంది. ప్రైజు మనింటికే వచ్చింది గద" అన్నాడు. అప్పటి నుంచి సార్ ఎదురుపడ్డప్పుడల్లా, ప్రైజిచ్చాం కదయ్యా, తిండెప్పుడు పెడతావు అంటున్నాడు. ప్రమోషన్ కూడా రావడంతో ఇక తప్పలేదు. బిర్యానీ హోటల్ నుంచి తెప్పిద్దాం, స్టార్టర్ మాత్రం నా చేతిదుండాలె అన్నాడు శ్యాంసుందర్. నా చేతిది అంటే ఆ ఇంట్లో అర్థం నిరోష చేతిది అని.

చీర కొంగు సర్దుకుని, చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కుని, అత్తగారికి పొద్దుటి తిండి బల్ల మీద పెట్టి బయలుదేరింది నిరోష. పోయే ముందు అత్తమ్మకు చెప్పింది, బాల్కనీల ప్లగ్గు ముట్టద్దని. శ్యాంసుందర్‌కు చెప్పింది, లైటు వెలుగుతుందో లేదో చూస్తుండమని. అతనికి ఇవాళ సెలవు. మంచం మీద నుంచే చెయ్యెత్తాడు.

అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందులో, మెట్ల నిండా ఫ్లెక్సీలు వేలాడే బిల్డింగులో ఒక చిన్న ఇన్‌స్టిట్యూట్ ఉంది. అక్కడ నిరోష ల్యాబ్ మేడం. ఎక్సెల్, టాలీ నేర్పే మహిపాల్ సార్ వచ్చి ముందుగదిలో గంట సేపు చెప్పి వెళ్లిపోతే, ఆ తర్వాత పిల్లలకు వచ్చే సందేహాలన్నీ తీర్చేది ఆమె. వేలు పట్టుకుని ఎంట్రీలు వేయించేది ఆమె. ఫ్లెక్సీ మీద మాత్రం పెద్ద అక్షరాలతో మహిపాల్ సార్ పేరు, పక్కన ఆయన ఫొటో. సిరిసిల్లలో వాళ్లమ్మ జీవితమంతా కండెలు చుట్టింది. మగ్గం మీద కూర్చున్న నాన్ననే అందరూ నేతగాడన్నారు. అమ్మను ఏమనాలో ఎవరికీ పేరు దొరకలేదు. ఆ ఫ్లెక్సీ కింద నుంచి మెట్లెక్కే ప్రతిసారీ నిరోషకు అమ్మ చేతులు గుర్తొస్తాయి.

ఇప్పుడు మహిపాల్ సార్ వేరే ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్లిపోయాడు. ఇన్‌స్టిట్యూట్ నడిపే సుకన్య మేడం నిరోషను పిలిచి, సాయంత్రం బ్యాచ్ నువ్వు తీసుకో అంది. ఉద్యోగాలు చేసుకునేవాళ్లు వచ్చే బ్యాచ్, అదే అన్నిటికన్నా పెద్దది. "చెప్పేదంత నువ్వే చెప్తున్నవ్, ఇగ పేరు సుత నీదే పెడదం" అంది. ఫ్లెక్సీ మీద తన పేరు. నిరోషకు ఆ రోజు కాళ్లు నేల మీద ఆనలేదు. ఆ సంతోషం ఇంటి గుమ్మం దాకానే. "మంచిదే. నేనేమన్న వద్దంటున్ననా? మరి రాత్రి వంటెవరు జేస్తరు? నువ్వు వచ్చేసరికి తొమ్మిదైతది. అమ్మతోని అయితదా? అది చూస్కొని చెప్పు వాళ్లకు" అన్నాడు శ్యాంసుందర్. వద్దనలేదు, నిజమే. వద్దని నిరోషే అనుకునేలా చేశాడు. ఎన్ని రోజులు తిరగేసి బోర్లేసి ఆలోచించినా ఆ రాత్రి వంట దగ్గరికొచ్చి దారి మూసుకుపోతోంది.

ఇవాళ సుకన్య మేడం గుమ్మంలోనే ఆపింది. "నిరోషా, రేపు ఫ్లెక్సీ ప్రింటుకు పోతది. ఇయ్యాల రాత్రి వరకు చెప్పు. నీతోని కాదంటే వేరేవాళ్లు లైన్ల ఉన్నరు, నన్ననుకోకు" అంది. అలాగే మేడం అంది నిరోష. అలాగే అన్నది దేనికో ఆమెకే తెలియలేదు.

ల్యాబ్‌లో పిల్లల మధ్య తిరుగుతున్నా మనసంతా బాల్కనీలో ఉంది. అత్తమ్మకు ఒక అలవాటుంది, మనిషి లేని చోట లైటు వెలిగితే ఆర్పకుండా ఉండలేదు. ప్లగ్గు తీసేసి ఉంటుందా? మాంసం సగం ఉడికి ఆగిపోతే పాడైపోదూ? పాడైంది వాళ్లకు పెడితే, తిన్నవాళ్లకు ఏమన్నా అయితే? ఒక అమ్మాయి మేడం ఈ సెల్ ఎందుకు ఎర్రగా వస్తోంది అని అడిగితే, నిరోషకు ముందు కుక్కర్ లైటే తోచింది. బయటికొచ్చి ఇంటికి ఫోన్ చేసింది.

"లైటు వెలుగుతుందా?"

"ఆ, వెలుగుతుంది."

"లేచి చూసినవా?"

"చూసిన అంటున్న గద. జర నిమ్మళంగ ఉండు, ఎందుకంత ఫికర్" అన్నాడు శ్యాంసుందర్. ఫోన్‌లో వెనక నుంచి క్రికెట్ కామెంటరీ వినిపించింది. టీవీ ఉన్నది పడకగదిలో. పడకగదిలో నుంచి బాల్కనీ కనిపించదు.

క్లాసు అయీ కాకముందే మెట్లు దిగింది. ఎండలో మెట్రో స్తంభాల నీడ పట్టుకుని గబగబా నడిచింది. కళ్లు తిరిగినట్టయితే ఒక్క క్షణం ఆగి, మళ్లీ నడిచింది. ఇంట్లోకి అడుగుపెట్టగానే వినిపించింది వాషింగ్ మెషీన్‌లోకి నీళ్లు పడుతున్న చప్పుడు. చెప్పులు విప్పకుండానే బాల్కనీలోకి పరిగెత్తింది. కుక్కర్ వైరు గోడకు వేలాడుతోంది.

"అత్తమ్మా, ఇది తీసిన్రా?"

"ఇప్పుడే తీసిన బిడ్డా. విడిచిన బట్టలు కుప్ప వడ్డయి. గా ఎర్ర లైటు ఊకె ఎలుగుతనే ఉన్నది, దాని కాడ ఎవ్వలు లేరాయె. ఉడికిందనుకున్న" అంది కొమురమ్మ. చెడ్డ ఉద్దేశంతో చేసిన మనిషి కాదు, ముఖంలో అమాయకత్వమే ఉంది.

గిన్నె మీద చెయ్యి పెడితే చురుక్కుమంది. గాజు మూత కింద అంచున ఇంకా బుడగలు లేస్తున్నాయి. అదృష్టం. మెషీన్ ఆపి, ప్లగ్గు మార్చి, లైటు వెలిగాకగానీ ఊపిరి పీల్చుకోలేదు. తర్వాత పడకగది గుమ్మంలోకి వెళ్లి నిలబడింది. చూసిన అన్నవ్ గదా అంది. "అప్పుడు ఎలిగే ఉండె గద. ఇప్పుడు సుత ఎలుగుతుంది గద. మరి లొల్లేంది" అన్నాడతను, టీవీ మీద నుంచి కళ్లు తిప్పకుండా. మొత్తానికి అతను చెప్పింది నిజమే అయింది. అబద్ధం చెప్పినా నిజమయ్యేలా చూసే మనిషి ఇంట్లో ఉంటే అబద్ధానికేం భయం అనుకుంది నిరోష. అనుకున్నాక ఆ మాట లోపల చాలాసేపు కదలకుండా కూర్చుంది.

మిగిలిన పగలంతా ఇల్లు తుడవడం, సోఫా కవర్లు మార్చడం, గాజు గ్లాసులు దించి కడగడం, నిమ్మకాయలు కొయ్యడం. మధ్యమధ్యలో బాల్కనీలోకి వెళ్లి లైటు చూడటం. పార్టీకి రాత్రి దాకా టైముంది, సుకన్య మేడంకు చెప్పడానికీ అంతే టైముంది. రెండూ ఒకదాని వెంట ఒకటి దగ్గరికొస్తున్నాయి. ఉండ ఒకటి విరిచి చూసింది, లోపల దాకా ఉడికింది. వాసన బాగుంది. ఉప్పు మాత్రం వాసనకు దొరకదు. సాయంత్రం దీపం పెట్టింది. తినడానికి కూర్చుందామనుకునేసరికి శ్యాంసుందర్ పిలుపు.

"నా ఏప్రాన్ ఏది? ఇస్త్రీ చేసినవా?"

చేసింది. తెచ్చిచ్చింది. అద్దం ముందు కట్టుకుని, అటూ ఇటూ తిరిగి చూసుకుని, "మరీ కొత్తగ కనిపిస్తుంది" అన్నాడు. బాల్కనీలోకి వెళ్లి, మూత తీసి, సాస్‌లో వేలు ముంచి, ఏప్రాన్ మీద రెండు చోట్ల మరకలు అద్దుకున్నాడు. నిరోష పక్కనే నిలబడి చూస్తోంది. ఆ వేలు నోట్లో పెట్టుకుంటే చాలు, ఉప్పు సంగతి తెలిసిపోతుంది. అతను టిష్యూ తీసుకుని వేలు శుభ్రంగా తుడుచుకున్నాడు. అంతలో కాలింగ్ బెల్ మోగింది.

సత్యనారాయణగారు, ఆయన భార్య రత్నమాలగారు శ్రీనగర్ కాలనీ నుంచి వచ్చారు. పెళ్లి శుభలేఖ మీద ఆయన పేరు వీరవెంకటసత్యనారాయణ అని ఒక లైను నిండా ఉంటుందట, ఆఫీసులో మాత్రం సార్. వాళ్ల వెనకే ఆఫీసులోని మరో ముగ్గురు. కొమురమ్మ హాల్లో ఒక మూల కుర్చీలో, జరీ అంచు చీర కట్టుకుని కూర్చుంది. శ్యాంసుందర్ ఏప్రాన్‌తోనే ఎదురెళ్లి నమస్కారం పెట్టాడు. నిరోష వెనక నుంచి మంచినీళ్ల పళ్లెం పట్టుకొచ్చింది.

"ఏంటయ్యా, ఇంకా వంటింట్లోనే ఉన్నావా" అన్నారు సత్యనారాయణగారు నవ్వుతూ.

"అయిపోయింది సార్. పొద్దుగాల్నే పెట్టిన. స్లో కుకింగ్ అంటే ఓపికుండాలె."

ఓపిక అన్న మాట విని నిరోష మంచినీళ్ల పళ్లెం బల్ల మీద పెట్టేసింది. బాల్కనీలోకి వెళ్లి, ఉండలు గిన్నెలోకి తీసి, ఒక్కోదానికి టూత్‌పిక్ గుచ్చి పళ్లెంలో పేర్చింది. పళ్లెం శ్యాంసుందర్ గుమ్మం దగ్గరే అందుకుని, తనే తీసుకెళ్లి అందరి ముందూ తిప్పాడు. వంటింటి గుమ్మానికి ఆనుకుని నిలబడింది నిరోష. రత్నమాలగారు ఒకటి తీసుకుని కొరికారు. నమిలారు. ఆ నమలడం ఎంతకీ అయిపోలేదు.

"చాలా బావున్నాయి శ్యామ్. తియ్యగా, కారంగా, భలే మెత్తగా ఉన్నాయి. ఉప్పొక్కటే కాస్త తగ్గినట్టుంది" అన్నారావిడ.

"ఉప్పొక్కటి నిరోష వేసింది మేడం" అన్నాడు శ్యాంసుందర్, తడుముకోకుండా. "స్నానానికి పోతూ, జర ఉప్పెయ్యమని చెప్పిన. అన్నీ నేనే చేసుకుంట, ఒక్కటి చెప్తే..." అని చేతులు తిప్పాడు.

అందరూ నవ్వారు. సత్యనారాయణగారు కూడా, "అదేంటమ్మా, ఆయనంత కష్టపడి చేస్తే ఉప్పు దగ్గర దెబ్బకొట్టావు" అని వేళాకోళం చేశారు. మంచి మనసుతోనే అన్నారు. అందుకే ఎక్కువ నొప్పేసింది.

పొద్దుట్నుంచి నిరోష లోపల ఒక మాట తయారవుతూనే ఉంది. అన్నీ నేనే చేసిన, ఆయన కనీసం నాలుక మీద సాస్ చుక్క కూడా వేసుకోలేదు అని. ఇప్పుడది నోట్లోకి వచ్చేసింది, పెదవులు తెరవడమే తరువాయి. తెరిస్తే ఏమవుతుంది? అందరూ ఒక్క నిమిషం మొహాలు చూసుకుంటారు. శ్యాంసుందర్ జోక్ చేసిన అంటాడు. అయ్యో, నువ్వు చేశావా, ఎంత బావుందో అంటారు రత్నమాలగారు. ఖీమా ఉండలు నిరోషవి అని తేలుతుంది. తేలాక? సోమవారం సాయంత్రం మళ్లీ పొయ్యి ముందు నిరోషే ఉంటుంది, మెప్పుతో సహా. ఈ ఉండల మీద పేరు కోసమా తను పొద్దుట్నుంచి చస్తున్నది? తనకు కావాల్సిన పేరు ఇక్కడ లేదు. అది మైత్రీవనం వెనక మెట్ల మీద ఉంది. ఈ రాత్రి దాటితే అక్కడ ఇంకొకళ్ల పేరు పడుతుంది. నోట్లోకొచ్చిన మాటను మింగేసింది. ఇన్నాళ్లూ భయంతో మింగింది. ఈసారి భయం అలాగే ఉంది, కానీ మింగింది దానికి కాదు.

"ఏమైనా నువ్వు అదృష్టవంతురాలివి నిరోషా" అన్నారు రత్నమాలగారు. "మా వారికి గ్యాస్ ఎటు తిప్పాలో కూడా తెలీదు. ఈయన రోజూ చేస్తారా, ఇలా పార్టీలకేనా?"

"రోజూ మేడం. రాత్రి వంటంత నాదే. ఆమె సుత పని చేసి అలసిపోయి వస్తది గద, మనం అర్థం చేసుకోవాలె" అన్నాడు శ్యాంసుందర్.

నిరోష గుమ్మం వదిలి హాల్లోకి వచ్చింది. ఖాళీగా ఉన్న కుర్చీ ఒకటి లాక్కుని రత్నమాలగారి ఎదురుగా కూర్చుంది.

"అవును మేడం. ఆ ధైర్యంతోనే సోమవారం నుంచి సాయంత్రం బ్యాచ్ తీసుకుంటున్న" అంది. "అమీర్‌పేటల. ఇన్ని రోజులు ల్యాబ్ చూసుకున్న, ఇప్పుడు క్లాసే నాది. ఇంటికి వచ్చేసరికి తొమ్మిదైతది. వేరే ఇంట్లనైతే రాత్రి వంటెట్ల అని ఆగిపోయేటోళ్లు. నాకా ఫికర్ లేదు."

"అబ్బ, ఎంత మంచి మాట" అన్నారు రత్నమాలగారు. సత్యనారాయణగారు శ్యాంసుందర్ భుజం మీద గట్టిగా తట్టారు. "శభాషయ్యా. ఇలాంటివి చెప్పుకోవేంటి? సోమవారం మీటింగులో నేనే చెప్తాను అందరికీ."

శ్యాంసుందర్ నవ్వాడు. నవ్వు ముఖం మీద ఎటు పోవాలో తెలియక అలాగే నిలబడిపోయింది. "అంటే సార్, అదింకా ఫైనల్ కాలే..." అన్నాడు.

"అయింది" అంది నిరోష. ఒళ్లో ఉన్న ఫోన్‌లో, సుకన్య మేడం పేరు కింద, తీసుకుంటున్న మేడం అని టైపు చేసి అప్పుడే పంపింది. వేలు తడిగా ఉండి రెండుసార్లు నొక్కాల్సి వచ్చింది.

"బ్యాచ్ నిండాలమ్మా మరి. ఆ వీధిలో పోటీ ఎక్కువ కదా" అన్నారు సత్యనారాయణగారు.

"నిండుతది సార్. మొక్కుకున్న."

మూల కుర్చీలో కొమురమ్మ తలెత్తింది. మొక్కు అన్న మాట ఎక్కడ వినిపించినా ఆవిడ చెవులు అటే తిరుగుతాయి. "ఏమని మొక్కినవ్ బిడ్డా?"

శ్యాంసుందర్ అప్పటికి తన కోసం ఒక ఉండ తీసుకున్నాడు. పొద్దుట్నుంచి మొదటిసారి దాన్ని నోటి దగ్గరికి తీసుకెళుతున్నాడు.

"మీరు మొక్కినట్టే అత్తమ్మా" అంది నిరోష. ఎప్పుడు మొక్కిందో ఆమెకే తెలుసు, ఈ కుర్చీలో కూర్చున్నాకే. అయినా మనసారా మొక్కింది. "నా బ్యాచ్ నిండాలె స్వామీ, నా పెనిమిటి పదకొండు శనివారాలు ఒక్కపొద్దుంటడు, నీసు ముట్టడు అని. ఇయ్యాల్టి సంది మొదలు."

టూత్‌పిక్ గాలిలోనే ఆగింది. "నన్నడగకుండనే?" అన్నాడు శ్యాంసుందర్. ఆ మాట ఆ ఇంట్లో అంతకు ముందు ఎవరూ అనలేదు. అన్నాక అతనికే అది కొత్తగా వినిపించినట్టుంది, తల్లి వైపు చూశాడు.

కొమురమ్మ కోడలి ముఖంలోకి చాలాసేపు చూసింది. ఏం కనిపించిందో, ఏం లెక్క వేసుకుందో తెలియదు. మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచి, మెల్లగా నడుచుకుంటూ వచ్చి, కొడుకు చేతిలోని ఉండను టూత్‌పిక్‌తో సహా తీసుకుని పళ్లెంలో పెట్టేసింది.

"దేవునితోని పరాచికాలొద్దు కొడుకా" అంది. "ఒకలు మొక్కినంక ఇంకొకలు ఉండుడే. గిది మనింట్ల ఉన్నదే గద."

అతిథులు మురిసిపోయారు. ఎంత పద్ధతైన కుటుంబమో అన్నారు రత్నమాలగారు. శ్యాంసుందర్ ఏప్రాన్ మీద ఎండిపోయిన మరకల వైపు చూసుకుంటూ నిలబడ్డాడు. నిరోష ఫోన్ మళ్లీ కదిలింది. ఫ్లెక్సీ మీద పేరు ఎట్ల వెయ్యాలె అని అడుగుతోంది సుకన్య మేడం. నిరోష అని మూడక్షరాలు కొట్టి పంపింది. అప్పుడు తెలిసింది, ఎంత ఆకలిగా ఉందో. లేచి వంటింట్లోకి వెళ్లి, దేవుడి పటాల ముందు దీపం ఇంకా వెలుగుతుండగా, తన ఒక్కపూట అన్నం పళ్లెంలో వడ్డించుకుని అందరి మధ్యకే తెచ్చుకుని కూర్చుంది. పెరుగన్నం ముద్ద కలుపుతూ, ఎదురుగా ఖాళీ చేతులతో నిలబడ్డ భర్తతో చాలా మామూలుగా అంది.

"సోమవారం ఉప్పు చూస్కుంట వండు. ఆ రోజు నీకు ఒక్కపొద్దు లేదు."